నెట్‌లో పెట్టినంత మాత్రాన దాచినట్టు కాదు

పాత తెలుగు పుస్తకాల కోసం, పుస్తకాలూ వెబ్ పేజీలూ దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ సైటులో వెతికే అలవాటున్న వాళ్లకి ఒక వింత పేరు తరచూ తగులుతూ ఉంటుంది. పుస్తకం లింకు చివర్లో 'ఇన్ డాట్ ఎర్నెట్ డాట్ డీఎల్ఐ డాట్ 2015' అని ఉండి, దాని వెనక ఒక సంఖ్య ఉంటుంది. అది ఒకప్పటి సర్వరు పేరు, తిరగేసి రాసింది. ఆ సర్వరులో ఉండిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా సైటు ఇప్పుడు లేదు. అందులోని పుస్తకాలు మాత్రం వేరే దేశపు సర్వర్లలో బతికి ఉన్నాయి.

అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, కంప్యూటర్ రంగంలో అతిపెద్ద గౌరవమైన ట్యూరింగ్ అవార్డును 1994లో అందుకున్న రాజ్ రెడ్డి, అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీ నుంచి పది లక్షల పుస్తకాలు స్కాన్ చేసే ప్రాజెక్టు ఒకటి తలపెట్టారు. అందులో మన దేశం వంతుగా నడిచిందే డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ దానికి ముఖ్య కేంద్రం. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ ఇంకో పెద్ద కేంద్రం. వేల కొద్దీ తెలుగు పుస్తకాలు స్కానర్ల కిందికి వెళ్లాయి. ఆ సైటు వాడకం మాత్రం తేలిక కాదు. ఒక్కో పేజీ ఒక్కో బొమ్మగా తెరుచుకునేది, పుస్తకం మొత్తం దింపుకోవాలంటే ఔత్సాహికులు రాసిన ప్రత్యేక ప్రోగ్రాములు కావాల్సి వచ్చేది. తర్వాత కాపీరైటు అభ్యంతరాల మధ్య ఆ సైట్లు మూతపడ్డాయి. అయితే అమెరికాలో పబ్లిక్ రిసోర్స్ అనే సంస్థ నడిపే కార్ల్ మలముద్ నాలుగు లక్షలకు పైగా పుస్తకాల నకళ్లు తీసి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టారు. ఇవాళ మనం వాట్సాప్ గ్రూపుల్లో పంచుకునే పాత తెలుగు పుస్తకాల పీడీఎఫ్‌లలో చాలా భాగం ఆ దారిలో వచ్చినవే.

ఇక్కడ ఏం మిగిలిందో, ఏం పోయిందో విడదీసి చూడాలి. పుస్తకాలు మిగిలాయి. వాటిని నిలబెట్టిన సైటు, దాని వెతుకులాట ఏర్పాటు, పాత లింకులు పోయాయి. పుస్తకాల పేర్లను స్కానింగ్ కేంద్రాల్లో ఇంగ్లీషు అక్షరాల్లో, ఎవరికి తోచిన స్పెల్లింగులో వాళ్లు ఎక్కించారు. ఆ తప్పులు కూడా యథాతథంగా కాపీ అయ్యాయి. అందుకే పుస్తకం అక్కడే ఉన్నా, తెలుగులో పేరు కొట్టి వెతికితే దొరకదు. మూడు నాలుగు రకాల స్పెల్లింగులు మార్చి మార్చి ప్రయత్నించాలి. కాపీ తీయడం, దొరికేలా ఉంచడం రెండు వేర్వేరు పనులని ఇంతకంటే బాగా చూపే ఉదాహరణ నాకు తెలియదు.

ఒకసారి నెట్‌లోకి ఎక్కిందంటే ఇక పోదు అనే మాట జనంలో బాగా పాతుకుపోయింది. పరువు తీసే ఫొటోల విషయంలో ఆ జాగ్రత్త మంచిదే. మామూలు పేజీల సంగతి మాత్రం దీనికి పూర్తిగా వ్యతిరేకం. ప్యూ రీసెర్చ్ సెంటర్ 2024లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, 2013లో ఉన్న వెబ్ పేజీల్లో 38 శాతం పదేళ్ల తర్వాత తెరుచుకోవడం లేదు. ఇంగ్లీషు వికీపీడియా పేజీల్లో సగానికి పైగా, అడుగున ఇచ్చిన మూలాల్లో కనీసం ఒక చచ్చిన లింకుతో ఉన్నాయి. అమెరికా సుప్రీంకోర్టు తీర్పుల్లో ఉదహరించిన లింకుల్లో దాదాపు సగం, అప్పుడు చూపించిన సమాచారాన్ని ఇప్పుడు చూపించడం లేదని హార్వర్డ్ లా స్కూలు పరిశోధకులు దశాబ్దం కిందటే తేల్చారు. తీర్పు నిలిచి ఉంది, దానికి ఆధారమైన పేజీ మాయమైంది. ఆ పరిశోధన నుంచే, తీర్పుల్లోనూ వ్యాసాల్లోనూ ఉదహరించే పేజీలకు శాశ్వత నకలు తీసి పెట్టే పెర్మా అనే సేవ పుట్టింది.

పేజీ పోవడంలో చాలా రకాలున్నాయి. కంపెనీ దుకాణం కట్టేయడం అందరికీ కనిపించేది. యాహూ 1999లో వందల కోట్ల డాలర్లు పోసి కొన్న జియోసిటీస్‌ను 2009 అక్టోబరు 26న మూసేసింది. మామూలు మనుషులు మొట్టమొదటిసారి సొంతంగా కట్టుకున్న లక్షల పేజీలు అందులో ఉండేవి. మూసేస్తున్నారని తెలిశాక ఆర్కైవ్ టీమ్ అనే స్వచ్ఛంద బృందం రాత్రింబవళ్లు కాపీ చేసి, ఏడాది తర్వాత ఆరువందల గిగాబైట్లకు పైగా ఉన్న మూటను ఎవరైనా దింపుకోగల టోరెంటుగా బయటపెట్టింది. మనవాళ్లలో ఒక తరం స్నేహాలన్నీ రాసుకున్న ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న ఆగిపోయింది. మైస్పేస్ అయితే 2003 నుంచి 2015 దాకా జనం ఎక్కించిన పాటల్ని సర్వర్లు మార్చేటప్పుడు పోగొట్టుకుంది. ఆ సంగతి 2019లో గానీ బయటికి రాలేదు.

జియోసిటీస్, ఆర్కుట్‌ల లాగా హెచ్చరించి పోయేవి కొంత నయం. చప్పుడు లేకుండా పోయేవి ఇంకా ఎక్కువ. సైటును కొత్తగా డిజైన్ చేస్తారు, చిరునామాలన్నీ మారిపోతాయి, పాతవాటి నుంచి కొత్తవాటికి దారి మళ్లించడం ఎవరికీ గుర్తుండదు. ఉమ్మడి రాష్ట్రం 2014లో విడిపోయాక శాఖల సైట్లు రెండుగా చీలాయి. 2016లో తెలంగాణలో, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలను పునర్వ్యవస్థీకరించినప్పుడు కొత్త జిల్లాలకు కొత్త సైట్లు వచ్చాయి. పరిశోధన వ్యాసాల్లో, వార్తల్లో, వికీపీడియాలో అప్పటిదాకా ఇచ్చిన ప్రభుత్వ లింకులు ఏమవుతాయన్నది పాలనకు సంబంధించిన ప్రశ్నగా ఎవరూ చూడలేదు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. జీవో కాగితం మీద ఉంటే దానికి రికార్డు రూము ఉంటుంది. అదే జీవో వెబ్ పేజీగా ఉంటే దాని మంచిచెడ్డలు సైటు కాంట్రాక్టుతోనే ముగిసిపోతాయి.

లింకు తెరుచుకుంటూనే ఉండి, లోపల సరుకు మారిపోవడం మరో రకం. దీన్ని పట్టుకోవడం కష్టం, ఎందుకంటే ఏదీ విరిగినట్టు కనిపించదు. సైటు చిరునామాను, అంటే డొమైన్‌ను, రెన్యువల్ చేయకపోతే ఇంకొకరు కొనుక్కుంటారు. సాహిత్య వ్యాసాలున్న చిరునామాలో బెట్టింగ్ ప్రకటనలు ప్రత్యక్షమవుతాయి. సైటు నడిపిన మనిషి చనిపోతే, ఏడాదికి కట్టాల్సిన ఆ చిన్న మొత్తం సంగతి ఇంట్లోవాళ్లకి తెలియకపోవడమే చాలాసార్లు దీనికి కారణం.

మరి భద్రపరచడం ఎలా జరుగుతుంది? శాన్ ఫ్రాన్సిస్కోలో బ్రూస్టర్ కాల్ 1996లో స్థాపించిన ఇంటర్నెట్ ఆర్కైవ్, పాత పేజీల నకళ్లు చూపే వేబ్యాక్ మెషీన్‌ను 2001లో జనానికి తెరిచింది. 2025 అక్టోబరుకి అందులో చేరిన పేజీలు లక్ష కోట్లు. ఈ పని చేసే ప్రోగ్రామును క్రాలర్ అంటారు. దానికి కొన్ని చిరునామాలు ఇస్తే, వాటిని తెరిచి, అందులోని లింకులు పట్టుకుని పక్క పేజీలకు, అక్కణ్ణుంచి ఇంకో పేజీలకు పోతూ కనిపించినవన్నీ దాచుకుంటుంది. దాచే పద్ధతికి వార్క్ అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. వచ్చిన ఉత్తరంతో పాటు దాని కవరు, కవరు మీది పోస్టాఫీసు ముద్ర కూడా దాచడం లాంటిది ఈ పద్ధతి. సర్వరును ఏమడిగాం, అది ఏ క్షణంలో ఏం జవాబిచ్చింది, ఏ రకం ఫైలని చెప్పింది, అన్నీ అందులో పదిలంగా ఉంటాయి. స్క్రీన్‌షాట్‌కీ దీనికీ తేడా ఇక్కడే. స్క్రీన్‌షాట్‌లో లింకులు పనిచేయవు, అక్షరాలు కాపీ కావు, అది ఎప్పటిదో దానంతట అది రుజువు చేసుకోలేదు.

వేబ్యాక్ మెషీన్ లింకు మధ్యలో పద్నాలుగు అంకెలుంటాయి. వాటిని చదవడం వస్తే చాలా ఉపయోగం. 20061104183015 అని ఉంటే 2006 నవంబరు 4, 18 గంటల 30 నిమిషాల 15 సెకన్లకు ఆ నకలు తీశారని అర్థం. ఆ సమయం గ్రీన్‌విచ్ లెక్క. మనం అయిదున్నర గంటలు ముందుంటాం కాబట్టి మన లెక్కలో అది నవంబరు 5, అర్ధరాత్రి దాటిన పదిహేనో సెకను. ఏదైనా ప్రకటన ఏ తేదీన మార్చారన్న తగువు వస్తే ఈ తేడా ముఖ్యమవుతుంది.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. మనకు కనిపించే పాత పేజీ ఆ క్షణాన తీసిన ఫొటో లాంటిది కాదు. పేజీలోని రాత ఒక రోజు దాచి ఉంటారు, పక్కనున్న బొమ్మ ఆరు నెలల తర్వాత దొరికి ఉంటుంది, రంగులూ అమరికా చెప్పే ఫైలు ఇంకెప్పటిదో అయి ఉంటుంది. మనం అడిగినప్పుడు మెషీన్ వీటన్నిటినీ దగ్గరి తేదీల నుంచి ఏరుకొచ్చి ఒకచోట కూర్చి చూపిస్తుంది. పై పట్టీలో ఈ నకలు వివరాలు చూపే మీట నొక్కితే ఏ ముక్క ఎన్ని రోజులు అటూ ఇటూగా ఉందో తెలుస్తుంది. పాత వార్త పక్కన కొత్త ఫొటో కనిపించి, 'చూశారా, అప్పుడే ఇలా వేశారు' అని పోస్టులు పెట్టేవాళ్లు ముందు ఆ మీట నొక్కాలి.

క్రాలర్ చేయలేనివి కూడా బోలెడు. అది లింకులు పట్టుకుని పోగలదు గానీ, ఫారాలు నింపలేదు. తెలంగాణలో 2020 అక్టోబరులో వచ్చిన ధరణి పోర్టల్ తీసుకోండి. 2025 ఏప్రిల్‌లో దాని స్థానంలోకి భూభారతి వచ్చింది. ఇలాంటి పోర్టళ్లలో జిల్లా, మండలం, గ్రామం ఎంచుకుని, సర్వే నంబరు కొట్టాకే అసలు వివరం వస్తుంది. క్రాలర్‌కి దొరికేది ఖాళీ ఫారం మాత్రమే. ఫలానా రోజున ఫలానా రైతుకు తన పొలం గురించి తెర మీద ఏం కనిపించిందన్నది ఏ వెబ్ ఆర్కైవ్‌లోనూ దొరకదు. డేటాబేసు కొత్త పోర్టల్‌లోకి వెళ్లొచ్చు, కానీ అప్పటి తెర మళ్లీ రాదు. రైతు ఆ రోజే ప్రింటు తీసి పెట్టుకుంటేనే ఆధారం. లాగిన్ వెనక ఉండే ఫేస్‌బుక్ గ్రూపులదీ, కిందికి జరిపేకొద్దీ కొత్తవి వచ్చి చేరే పేజీలదీ ఇంచుమించు ఇదే సమస్య. వీటికోసం మనిషి బ్రౌజరులో చూస్తూ పోతుంటే ఆ చూసిందంతా రికార్డు చేసే పనిముట్లు వచ్చాయి. వెబ్‌రికార్డర్ వాళ్ల ఆర్కైవ్‌వెబ్‌పేజ్ అలాంటిదే, ఉచితం కూడా.

తెలుగు దగ్గరికి వచ్చేసరికి ఇంకో చిక్కు ఉంది. నన్నడిగితే అన్నిటికంటే పెద్దది ఇదే. ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ ఒక్కో సంఖ్య కేటాయించే యూనికోడ్ ప్రమాణంలో తెలుగుకు 1991 నుంచే చోటుంది. కానీ విండోస్‌లో తెలుగు సరిగ్గా కనిపించడం 2001లో ఎక్స్‌పీ, దాంతో వచ్చిన గౌతమి ఫాంటు తర్వాతే మొదలైంది. జనం యూనికోడ్‌కి మళ్లేసరికి ఇంకా ఆలస్యమైంది. ఈలోగా తెలుగు పత్రికలు నెట్‌లోకి వచ్చేశాయి. ఎలా వచ్చాయంటే, ఇంగ్లీషు అక్షరాలకు, యూరప్ భాషల గుర్తులకు ఉన్న రెండువందల చిల్లర గళ్లలో తెలుగు అక్షరాల ముక్కలు కూర్చిన సొంత ఫాంట్లతో. ఒక గడిలో తలకట్టు, ఇంకోదాంట్లో కొమ్ము, మరోదాంట్లో ఒత్తు. ఏ ముక్క ఏ గడిలో పెట్టాలన్నది ఎవరి ఇష్టం వాళ్లది. పేజీ తెరవగానే ఆ ఫాంటు తనంతట తాను దిగేలా మైక్రోసాఫ్ట్ ఒక పద్ధతి ఇచ్చింది. అది ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ బ్రౌజరులో తప్ప పనిచేసేది కాదు.

ఆ కాలపు పేజీని ఇవాళ వేబ్యాక్ మెషీన్‌లో తెరిస్తే ఏం కనబడుతుంది? తలమీద చుక్కలు, టోపీలు, వాలు గీతలు పెట్టుకున్న యూరప్ అక్షరాలు, మధ్యమధ్య శాతం గుర్తులు, కరెన్సీ గుర్తులు. పేజీ పోలేదు, ప్రతి బైటూ భద్రంగా ఉంది. కానీ తెలుగు లేదు. ఆ ఫాంటు ఫైలు నకలు దొరికినా, ఇప్పటి బ్రౌజర్లు దాన్ని ఒప్పుకోవు. వెతికితే దొరకదు కూడా, ఎందుకంటే 'ఎన్నికలు' అనే మాట ఆ పేజీలో లేదు, దాని వేషంలో ఇంకేవో గుర్తులున్నాయి. ఒక పత్రిక ఫాంటులో 'క' ఉన్న గడిలో ఇంకో పత్రిక ఫాంటులో వేరే అక్షరం ఉండొచ్చు కాబట్టి, ఒక్కో ఫాంటుకు ఒక్కో పట్టిక కట్టాలి. ఈ పని చేసిన వాళ్లున్నారు. ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకి తగిలించుకునే పద్మ అనే యాడ్ఆన్ ఉండేది. ఈనాడు, వార్త లాంటి పత్రికల ఫాంట్లను అక్కడికక్కడే యూనికోడ్‌గా మార్చి చూపేది. ఆ రోజుల్లో విండోస్ బదులు లినక్స్ వాడే తెలుగువాళ్లకి పేపరు చదవడానికి అదే దిక్కు. ఆ పట్టికలే ఇవాళ పాత పేజీలకు తాళంచెవులు. పేజీలతో పాటు వాటినీ, ఆ పాత ఫాంట్లనూ దాచకపోతే 1990ల చివర్నుంచి 2000ల మధ్య దాకా వచ్చిన తెలుగు వార్తా పేజీలు ఉండీ లేనట్టే.

దీనికి సరైన మందు, మనుషులు ఉండగానే మార్చుకోవడం. 1998లో అమెరికా తెలుగువాళ్లు మొదలుపెట్టిన ఈమాట పత్రిక తొలి సంచికల్ని ఇవాళ మామూలు యూనికోడ్ తెలుగులో, ఫోన్లో సైతం చదువుకోగలుగుతున్నాం. ఎవరో కూర్చుని పాత సంచికలన్నిటినీ కొత్త రూపంలోకి తెచ్చారు కాబట్టే అది సాధ్యమైంది. ఆర్కైవ్ అనగానే తీసి బీరువాలో పెట్టడం గుర్తొస్తుంది గానీ, నాకు ఈ రెండో రకం శ్రమే ఎక్కువ విలువైనదిగా కనిపిస్తుంది.

ఇదంతా ఎవరి బాధ్యత? స్వీడన్, ఆస్ట్రేలియా జాతీయ గ్రంథాలయాలు 1996లోనే తమ దేశపు వెబ్‌ను సేకరించడం మొదలుపెట్టాయి. డెన్మార్క్ 2005లో, ఫ్రాన్స్ 2006లో, బ్రిటన్ 2013లో దీన్ని చట్టబద్ధం చేశాయి. ప్రచురణకర్త పుస్తకం ప్రతి ఇచ్చినట్టే, ఆ దేశపు సైట్లను జాతీయ గ్రంథాలయం సేకరించుకోవచ్చు. మన దగ్గర ఉన్నది 1954 నాటి చట్టం. పుస్తకం అచ్చయిన ముప్పై రోజుల్లోగా కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి, మరో మూడు గ్రంథాలయాలకు ప్రతులు పంపాలంటుంది. 1956లో పత్రికల్ని చేర్చారు. వెబ్‌సైటు అనే మాట పుట్టకముందు రాసిన చట్టమది. అచ్చు పుస్తకానికి ఉన్న పాటి రక్షణ ఆన్‌లైన్ రచనకు లేదు. జాతీయ స్థాయిలో అలాంటి చట్టం రాకపోయినా, మన రెండు రాష్ట్రాలూ కనీసం తమ ప్రభుత్వ సైట్ల వరకు ఏడాదికోసారి పూర్తి నకలు తీసి రాష్ట్ర ఆర్కైవ్స్‌కు అప్పగించాలని నియమం పెట్టుకోవచ్చు. దానికి పెద్ద ఖర్చు కూడా లేదు.

అలా కాకుండా అంతా ఇంటర్నెట్ ఆర్కైవ్ మీదికి తోసేస్తే ప్రమాదం. విరాళాల మీద బతికే లాభాపేక్ష లేని సంస్థ అది. 2024 అక్టోబరులో దాని మీద సైబర్ దాడి జరిగింది. మూడు కోట్లకు పైగా ఖాతాల వివరాలు బయటికి పోయాయి, కొన్ని రోజులు సైటే లేదు. అంతకు నెల ముందే, పుస్తకాలు స్కాన్ చేసి నెట్‌లో అరువిచ్చే పద్ధతి మీద ప్రచురణ సంస్థలు వేసిన కేసులో అప్పీలు కోర్టు దానికి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. ఆ కేసు వల్ల అయిదు లక్షలకు పైగా పుస్తకాల్ని అరువు జాబితాలోంచి తీసేయాల్సి వచ్చింది. అదే ఏడాది గూగుల్ తన వెతుకులాట ఫలితాల పక్కన ఉండే, పేజీ నకలు చూపే కాష్ లింకును ఎత్తేసింది. అలా ఆ ఒక్క సంస్థ మీద భారం ఇంకాస్త పెరిగింది.

అన్నీ దాచాలా అన్నది న్యాయమైన ప్రశ్న. కుర్రతనంలో రాసుకున్నవి, ఇప్పుడు వద్దనుకునేవి ఎవరికైనా ఉంటాయి. సైటు యజమాని క్రాలర్లను రావొద్దని చెప్పడానికి 1994 నుంచి రోబోట్స్ అనే చిన్న ఫైలు పద్ధతి ఉంది. చాలా ఏళ్లు ఇంటర్నెట్ ఆర్కైవ్ దాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. దాంతో ఏమైందంటే, డొమైన్ చేతులు మారి కొత్త యజమాని ఆ ఫైలు పెట్టగానే, పాత యజమాని రాసినవన్నీ కూడా జనానికి కనిపించకుండా పోయేవి. అందుకే 2017 నుంచి ఆ సంస్థ దాన్ని అంత కచ్చితంగా పట్టించుకోవడం మానేసింది. తొలగించమని కోరితే మాత్రం పరిశీలిస్తుంది. నా మటుకు నాకు గీత ఇక్కడ: ఒక మనిషి తన సొంత రాతలు తీసేయమంటే తీసేయాలి. ప్రభుత్వాలు, పార్టీలు, కంపెనీలు జనానికి చెప్పిన మాటలకు ఆ వెసులుబాటు ఉండకూడదు.

మనంతట మనం చేయగలిగింది తక్కువేం కాదు. వేబ్యాక్ మెషీన్ మొదటి పేజీలో చిరునామా ఇచ్చి 'సేవ్ పేజ్' నొక్కితే నకలు తీసేస్తుంది. వ్యాసంలో ఏ లింకు ఇచ్చినా ముందు ఈ పని చేయడం అలవాటు చేసుకుంటే మంచిది. తెలుగు వికీపీడియాలో రాసేవాళ్లు మూలం పక్కన ఆర్కైవ్ లింకు కూడా ఇవ్వొచ్చు. సొంత సైటు ఉన్నవాళ్లు డొమైన్ ఎక్కడ కొన్నారో, ఏ మెయిల్‌తో కొన్నారో, ఎప్పటికి రెన్యువల్ చేయాలో ఇంట్లో ఒకరికి రాసి ఇవ్వాలి. గూగుల్ ఖాతా రెండేళ్లు ఎవరూ తెరవకపోతే అందులోని ఫొటోలు, ఫైళ్లు తొలగించే నియమం ఉంది కాబట్టి, ఖాతా నిద్రపోతే ఎవరికి అందాలో అదే సెట్టింగుల్లో ముందుగా నమోదు చేయొచ్చు. పెద్దవయసు రచయితలున్న ఇళ్లలో ఈ మాట అడగడానికి మొహమాటపడతాం, కానీ అడగాలి.

నకలు తీశాక ఒక పని మిగిలే ఉంటుంది. ఆ నకలును ప్రైవేటు విండోలో తెరిచి చూడండి. తెలుగు అక్షరాలు సరిగ్గా ఉన్నాయా, బొమ్మలు వచ్చాయా, 'ఇంకా చదవండి' అని ఉన్నచోట మిగతా భాగం తెరుచుకుంటోందా? ఏదైనా రాకపోతే ఆర్కైవ్‌వెబ్‌పేజ్‌తో పేజీని చివరిదాకా జరుపుతూ రికార్డు చేసి, ఆ ఫైలును మీ కంప్యూటర్లో ఒకటి, వేరే ఊళ్లో ఉన్న బంధువుల దగ్గర ఇంకొకటి ఉంచండి. ఫైలు పేరులో సైటు పేరు, తేదీ తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాయండి.